మన వాడల మనం వేసిన వెలి

నాట్ల కాలంలో పొద్దెక్కినంక పెద్దపల్లి చుట్టుపక్కల ఏ ఊళ్లనైనా మన వాడలకు పోయి చూడండి. పెద్దోళ్లంతా కూలికి పోయి ఉంటరు. ఏదో ఒక ఇంట్ల, గుంజకు పాత చీరెతో కట్టేసిన పిల్లగాడు కనబడ్తడు. ఈడు పదేండ్లుంటది. మాట రాదు, ఆపద తెల్వదు. ఆ తల్లిని తిట్టే హక్కు ఎవరికీ లేదు. కట్టకపోతే పిల్లగాడు బాయి కాడికి పోతడు. తను కూలికి పోకపోతే పొయ్యిల పిల్లి లేవదు.

ఆ పిల్లగాన్ని వాడ ఏమని పిలుస్తది? ఎడ్డోడు, పిస్సోడు, మొద్దు. తల్లి పెట్టిన పేరు వాడకట్టుకు యాదికుండదు. 'హరిజన' అన్న మాట మాకొద్దని విసిరికొట్టినోళ్లం మనం. మన పేరు మనమే పెట్టుకున్నోళ్లం. మన వాడల పుట్టిన బిడ్డకు మాత్రం ఇంకొకరు పెట్టిన తిట్టునే పేరు చేసినం.

ఇంకో మాట కూడా అంటం: "పోయిన జన్మల ఏం పాపం చేసిండో." మనువాదులు మన కులం గురించి చెప్పింది కూడా ఇదే కదా! కులం దగ్గర కర్మ సిద్ధాంతాన్ని తగలబెట్టి, ఈ పిల్లల దగ్గర దాన్నే నెత్తిన పెట్టుకుంటే ఎట్ల?

కూలి రేట్ల మీద, శ్మశానం జాగల మీద, హోటళ్లల్ల రెండు గ్లాసుల మీద మేం మీటింగులు పెట్టినం. ఈ పిల్లల ముచ్చట ఒక్క మీటింగుల కూడా ఎత్తలేదు. తప్పు మాది. అందుకే ఇది రాస్తున్నం.

చట్టం సంగతి చూద్దాం. 1995లో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది. ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ పెట్టింది. చూపు లేనోళ్లకు, వినబడనోళ్లకు, కాళ్లు చేతులు సాగనోళ్లకు తలా ఒక శాతం. బుద్ధి ఎదగనోళ్లు కూడా వికలాంగులేనని అదే చట్టం ఒప్పుకున్నది గానీ, ఆ 3 శాతంలో వాళ్లకు జాగ ఇవ్వలేదు. వెలిలో మళ్లీ వెలి! 2016 చట్టం వచ్చినంకనే రిజర్వేషన్ 4 శాతమైంది. అందులో ఒక శాతంలో బుద్ధి వైకల్యం, ఆటిజం ఉన్నోళ్లకు కూడా పాలు దొరికింది. 'మెంటల్ రిటార్డేషన్' అన్న పాత మాటను కూడా ఆ చట్టం తీసేసింది. ఢిల్లీ చట్టం మాట మార్చుకున్నది. మన వాడ మార్చుకోలేదు.

40 శాతం వైకల్యం ఉన్నదని సర్టిఫికెట్ ఉంటే 6 నుంచి 18 ఏండ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉన్నది. సర్కారు పంచే సాగుభూమిలో, ఇండ్లలో, పేదల పథకాల్లో 5 శాతం రిజర్వేషన్ ఉన్నది. భూమి కోసం ఇంత కొట్లాడే మనం, అందులో ఈ పిల్లల పాలెంతని ఎన్నడన్న అడిగినమా?

అన్నిటికన్న ముఖ్యమైనది 92వ సెక్షన్. నలుగురు చూసే జాగల, అవమానించాలని తిట్టినా బెదిరించినా నేరమని 1989 అట్రాసిటీ చట్టంలో ఉన్నది మనకు తెలుసు. దానికి ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు. వికలాంగుల చట్టంలోని 92వ సెక్షన్‌ల కూడా అదే మాట, అదే శిక్ష. ఒక్కటే తేడా. కులం పేరుతో తిట్టినందుకు అట్రాసిటీ కేసు మన కులపోళ్ల మీద నడవదు. ఈ సెక్షన్ ఎవరి మీదనైనా నడుస్తది. దొర మీద నడుస్తది, మన మీద కూడా నడుస్తది. ఒకరి మీద ఒకరం కేసులు పెట్టుకుందామని అనడం లేదు. దొరను ఏ మర్యాద అడుగుతున్నమో, ఆ మర్యాద మన గడపల ఉన్నదా అని అడుగుతున్నం.

అట్లని సర్కారును వదిలేది లేదు. హక్కులన్నీ సర్టిఫికెట్ కాడనే ఆగుతున్నయి. పిల్లగాన్ని ఎత్తుకొని క్యాంపుకు పోతే తల్లి కూలి పోతది, ఎంట వచ్చినోళ్ల కూలి పోతది, ఆటో కిరాయి పోతది. "డాక్టర్ రాలేదు, మళ్లీ రాండ్రి" అంటే ఇంకోసారి అంతే. 2014లో 1,500 రూపాయలున్న వికలాంగుల పెన్షన్ 2019లో 3,016, 2023లో 4,016 అయింది. కాయితం లేని తల్లికి అందులో ఒక్క పైస రాదు. నడవలేని బిడ్డ ఆఫీసు కాడికి ఎందుకు పోవాలె? ఆఫీసే వాడకు ఎందుకు రావద్దు?

ఇక తల్లులు రాత్రిపూట నిద్రలేక తలుచుకునే మాట ఒకటున్నది: "మేం పోయినంక వీన్ని ఎవరు సూస్తరు?" దీనికోసమే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. 18 ఏండ్లు దాటినోళ్లకు గార్డియన్‌ను పెట్టే కమిటీ జిల్లా స్థాయిలో ఉండాలె, అందులో కలెక్టర్ స్థాయి అధికారి ఉండాలె. గార్డియన్ అయినోడు ఆరు నెలల్లో ఆస్తి లెక్క అప్పజెప్పాలె. రెండు గుంటల జాగనైనా, ఇల్లైనా పాలోళ్లు మింగకుండ ఇది ఒక కాపలా. 2016 అక్టోబర్‌లో పెద్దపల్లి జిల్లా అయింది, కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది. సోమవారం ప్రజావాణికి భూమి కాయితాలతో పోయే మనం, ఈ దరఖాస్తు పట్టుకొని ఎందుకు పోవద్దు?

"కులం కొట్లాటల ఇదెందుకు" అని కొందరు అంటరు. మనిషిని మనిషిగా చూడాలన్నదే మన కొట్లాట. గుంజకు కట్టేసిన బిడ్డ దానికి బయట ఎట్లయితడు?

అందుకే ప్రతి వాడ సంఘానికి మా మాట ఇది. వచ్చే మీటింగుకు ముందే ఇల్లిల్లు తిరిగి ఈ పిల్లల పేర్లు రాయండి. తిట్లు కాదు, అసలు పేర్లు. సర్టిఫికెట్ ఎవరికున్నది, ఎవరికి లేదు, బడికి ఎవరు పోతున్నరు, పెన్షన్ ఎవరికి ఆగింది, అన్నీ రాయండి. ఆ జాబితాతో అందరం కలిసి పోయి మండలంలనే క్యాంపు పెట్టమని అడుగుదాం. మండలంల ఉన్న భవిత కేంద్రం మన పిల్లలకు ఏం చేస్తున్నదో నిలదీద్దాం. ఒంటరిగా పోయే తల్లిని ఆఫీసు తిప్పి పంపుతది. సంఘంతోని పోయే తల్లికి కుర్చీ ఏస్తది.

ఆ మీటింగుకు ఆ తల్లిని పిలవండి. పిల్లగాన్ని కూడా తీసుకురమ్మనండి. ముందు వరుసల కూసుండబెట్టి, పేరు పెట్టి పిలవండి.

జై భీమ్!