మంచం దగ్గరి మనిషికి చట్టమేదీ?

మీ అపార్ట్‌మెంటు గేటు దగ్గర యూనిఫాం వేసుకుని నిలబడే గార్డును పంపాలంటే ఆ ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల కోసం 2005లో పార్లమెంటు చేసిన చట్టం ఆ మాట చెబుతోంది. గార్డు ఎలాంటివాడో ముందే విచారించుకోవాలి. అతనికి 100 గంటల తరగతి పాఠాలు, 60 గంటల ఫీల్డు శిక్షణ ఉండాలని కేంద్రం 2006లో ఇచ్చిన నమూనా నిబంధనల్లోనే చెప్పింది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. బాగుంది. ఇప్పుడు ఆ గేటు దాటి, లిఫ్టెక్కి, మూడో అంతస్తులో పక్షవాతంతో మంచం పట్టిన మీ నాన్నగారి దగ్గరికి రండి. ఆయన ముక్కు గొట్టంలో జావ పోస్తున్న మనిషిని పంపిన ఏజెన్సీకి అలాంటి చట్టం లేదు. కార్లకు కాపలా కాయడానికి శిక్షణ కావాలన్న ప్రభుత్వం, కన్నతండ్రి ఊపిరికి కాపలా కాసేవాళ్లకు అది అక్కర్లేదన్నట్టు కూర్చుంది. దీన్ని నిర్లక్ష్యం అంటే సరిపోదు, నేరం అనాలి.

హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో మంచం పట్టిన మనిషి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. ఒక అద్దె గది, రెండు ఫోన్లు, ఒక వాట్సాప్ నంబరు. ఫోన్ చేయగానే ‘ట్రైన్డ్ అమ్మాయి ఉందండీ, పొద్దున్నే పంపిస్తాం’ అంటారు. రిజిస్ట్రేషన్ ఫీజు, నెల అడ్వాన్సు ముందే కట్టించుకుంటారు. శ్రీకాకుళం నుంచో, ఒడిశా సరిహద్దు పల్లె నుంచో రాత్రి బస్సులో వచ్చిన పిల్ల తెల్లారేసరికి కోటు తొడుక్కుని ‘సిస్టర్’ అయిపోతుంది. నర్సు కావాలంటే జీఎన్ఎం మూడేళ్లో బీఎస్సీ నాలుగేళ్లో చదివి, నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోవాలి. నర్సులు కాని సహాయకుల కోసం కూడా హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ‘హోమ్ హెల్త్ ఎయిడ్’ అనే కోర్సు ఎప్పుడో తయారు చేసింది. కోర్సు ఉంది, సర్టిఫికెట్టూ ఉంది. అది ఉన్నవాళ్లనే పంపాలని ఏజెన్సీ మెడలు వంచే నిబంధన మాత్రం లేదు.

మా మేనత్తకు స్ట్రోక్ వచ్చి ఇంటికి తెచ్చుకున్నాక ఇలాగే ఒక అమ్మాయి వచ్చింది. నేను వెళ్లేసరికి అత్తయ్య వెల్లకిలా పడుకుని ఉంది. ఆ అమ్మాయి సిరంజిలో రాగిజావ నింపి, తొందర తొందరగా గొట్టంలోకి నెడుతోంది. అత్తయ్య దగ్గుతోంది, కళ్లు నీళ్లు కారుతున్నాయి. గొట్టంలో ఏదైనా పోసేముందు తల వైపు ముప్పై డిగ్రీలకు తగ్గకుండా ఎత్తాలి. గొట్టం కదలకుండా ఉన్నచోటే ఉందో లేదో చూసుకోవాలి. నెట్టకుండా, దానంతట అది నెమ్మదిగా దిగనివ్వాలి. అయ్యాక కనీసం అరగంటైనా ఆ ఎత్తు దించకూడదు. లేకపోతే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది, ప్రాణం పోతుంది. ‘ఇవి నీకెవరూ చెప్పలేదా తల్లీ?’ అని అడిగితే ఆ పిల్ల బిక్కచచ్చిపోయి తల అడ్డంగా ఊపింది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: ‘అమ్మాయిని మార్చేస్తాం సార్.’ మార్చి, నేర్పకుండానే ఆమెను మరో ఇంటికి పంపారు. ఈ వ్యాపారానికి తెలిసిన నాణ్యత అంతా ఆ ‘మార్చేస్తాం’ దగ్గరే ఆగిపోయింది.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు గదిలో కెమెరా పెట్టించి, అమ్మ ఫోన్లో కనపడుతోంది కదా అని ధైర్యం తెచ్చుకుంటున్నారు. వాళ్ల ఆరాటం నిజమైనదే. కానీ నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబారి పుండు మొదలవడం ఏ కెమెరాకు కనిపిస్తుంది? యూరిన్ బ్యాగు నడుముకంటే పైన తగిలిస్తే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుందని తెలిసిన కళ్లు ఆ గదిలో ఉండాలి, అమెరికాలో కాదు.

ఇంకో ఘోరం, ‘24 గంటల డ్యూటీ’. ఏజెన్సీల రేటు కార్డుల్లో దీన్ని ఒక సదుపాయంలా అచ్చేస్తున్నారు. పడక పుండ్లు రాకుండా ఉండాలంటే కదలలేని మనిషిని దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పగలంతా పనిచేసి, ఆ మంచం పక్కనే నేల మీద పడుకునే ఒక్క మనిషి అర్ధరాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు లేచి తిప్పుతుందని ఎవరు నమ్ముతారు? నమ్మినట్టు నటించి డబ్బు తీసుకుంటున్నారు, నమ్మినట్టు నటించి మనం ఇస్తున్నాం. ఆమె నిద్రకు లెక్క లేని ఇంట్లో రోగి ప్రాణానికీ లెక్క లేదు. రాత్రిపూట అదే గదిలో ఆమెపై చెయ్యి వేసే మగవాళ్ల సంగతి ఎవరూ పైకి మాట్లాడరు. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే లెక్కగట్టింది, జిల్లా స్థాయిలో ఫిర్యాదుల కమిటీ ఉండాలంది. ఆ కమిటీ ఎక్కడుందో ఆ పిల్లకు ఎవరు చెప్పారు?

ఢిల్లీకి ఈ విషయం తెలియక కాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమం కోసం 2007లో చేసిన చట్టాన్ని సవరిస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభలో బిల్లు పెట్టారు. వృద్ధులకు ఇంటి దగ్గర సేవలందించే సంస్థలు రిజిస్టర్ కావాలని, శిక్షణ పొంది సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే పనిలో పెట్టుకోవాలని అందులో రాశారు. స్థాయీ సంఘానికి పంపారు. 2021 జనవరిలో సంఘం నివేదిక ఇచ్చింది. 2024లో ఆ లోక్‌సభ గడువు ముగిసేదాకా కూడా బిల్లు చట్టం కాలేదు. ఈలోపు ఎన్ని ఇళ్లలో ఎన్ని మంచాలు ఖాళీ అయ్యాయో లెక్క రాసే రిజిస్టరే లేదు.

నిబంధనలు పెడితే రేట్లు పెరుగుతాయి, మధ్యతరగతి భరించలేదు అంటారు. ఇప్పుడు మాత్రం ఊరికే పంపుతున్నారా? కట్టిన దాంట్లో ఆ అమ్మాయి చేతికి ఎంత వెళ్తోందో చెప్పమంటే నోరు విప్పని ఏజెన్సీలకు ఖర్చుల గురించి మాట్లాడే అర్హత లేదు. ఇక భరించలేని ఇళ్లకు అండగా ఉండాల్సింది ప్రభుత్వం. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించి, పంచాయతీల సాయంతో నర్సులను మంచం పట్టినవాళ్ల ఇళ్లకు పంపుతోంది. తెలంగాణలోనూ ‘ఆలన’ వాహనాలు అలా ఇళ్లకు వెళ్తున్నాయి. వాటిని ప్రతి మండలానికీ పెంచడానికి కావాల్సింది మనసు.

ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన పని రెండు తెలుగు ప్రభుత్వాలకూ లేదు. ఏజెన్సీకి లైసెన్సు, సహాయకులకు సర్టిఫికెట్, పన్నెండు గంటలు దాటని షిఫ్టు, వారానికోసారి రోగిని వచ్చి చూసే రిజిస్టర్డ్ నర్సు, ప్రమాదం జరిగితే బాధ్యత. ఈ నాలుగైదు మాటలు ఒక చట్టంలో రాయడానికి ఎన్నేళ్లు కావాలి?

అంతవరకు మీరు ఊరుకోకండి. ‘ఏం జరిగినా సంస్థకు బాధ్యత లేదు’ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అలాంటి అన్యాయపు ఒప్పందాలను రాష్ట్ర కమిషన్‌లో సవాలు చేయవచ్చు. వచ్చే మనిషి ఏం చదివిందో, ఎక్కడ నేర్చుకుందో రాతపూర్వకంగా అడగండి, ఆమె రాత్రి ఎప్పుడు నిద్రపోతుందో కూడా అడగండి. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లోపు మీ ఎమ్మెల్యేకు ఉత్తరం రాసి, ఈ చట్టం ఎప్పుడు తెస్తారో చెప్పమని నిలదీయండి.