పేరు చూసి పుస్తకమా?

బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా మా ఊళ్ళో ఏ ఇల్లాలూ పేరు విని పండు కొనదు. వాసన చూడాలి, తొడిమ దగ్గర నొక్కాలి. ఆవిడే పుస్తకాల దగ్గరికొచ్చేసరికి "ఫలానావారిది ఉందా?" అంటుంది. లేదంటే తిరిగొచ్చేస్తుంది!

ఆడవాళ్ళకి ఇవే నచ్చుతాయని ఎవరో కట్టిన లెక్కకి మనమెందుకమ్మా తలూపడం? కడప జిల్లా కేతు విశ్వనాథరెడ్డి గారి కథలకి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది. బండి నారాయణస్వామి గారి చారిత్రక నవల 'శప్తభూమి'కి 2019లో. మన సీమ మాటే, మన సీమ గోడే. ఎన్నిళ్ళలో ఉన్నాయి చెప్పండి? (సీరియళ్ళ పేర్లయితే వరసగా అప్పజెబుతాం.)

ఈసారి తెలియని పేరున్న పుస్తకం తియ్యండి వదినా. మధ్యలో రెండు పేజీలు నిలబడే చదవండి. కాళ్ళు లాగుతున్నా కింద పెట్టబుద్ధి కాలేదా, కొనెయ్యండి.