మండలానికో మజిలీ మైదానం కావాలి

రోడ్డున పోయేవారికీ, రోడ్డు పక్కన ఉండేవారికీ, పంచాయతీ పెద్దలకూ ఒక విన్నపం.

కారు వెనక డేరా, చిన్న గ్యాసు పొయ్యి, రెండు నీళ్ల క్యాన్లు వేసుకుని దేశం చుట్టి నిన్నగాక మొన్న ఇల్లు చేరిన భార్యాభర్తలం మేము. 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని తీరం వెంట దిగి, కన్యాకుమారి దగ్గర మలుపు తిరిగి, కచ్, స్పితి చూసుకుని, ఈశాన్యం మీదుగా వచ్చాం. చూసిన వింతలు మరోసారి చెప్పుకుందాం. ఈ కాగితం వేసింది వేరే సంగతికి. పగలు పరిగెత్తడానికి మనవాళ్లు బ్రహ్మాండమైన రోడ్లు వేశారు. రాత్రి ఆగడానికి చోటు చూపించలేదు.

సాయంత్రం 4 దాటిందంటే మాకు కొండలూ కోనలూ కనిపించేవి కావు, కళ్లు చోటు కోసమే వెతికేవి. పెట్రోలు బంకువాళ్లు సరేనంటే ఆ రోజుకు గట్టెక్కినట్టే. అక్కడ మరుగుదొడ్డి ఉంటుంది, తాళం మేనేజరు దగ్గర ఉంటుంది, మేనేజరు ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. చీకట్లో పొదల చాటుకు పోవాల్సి వస్తుందని ఆడమనిషి మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. ఈ వాక్యం తప్పకుండా ఉండాలని మా ఇద్దరిలో ఆవిడ పట్టుబట్టింది. ఇక డేరాలో జంట కనబడితే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, పెళ్లయిందా? టార్చిలైటు వేసి మెడలో నల్లపూసలు వెతికినవాళ్లు కూడా తగిలారు. ఎక్కడ ఆగవచ్చో రాసిపెట్టిన చోటు ఒకటి లేనప్పుడు, ఆగినవాళ్లందరూ అనుమానితులే అవుతారు.

సరదాకు తిరిగే ఇద్దరి ఇబ్బంది అయితే కరపత్రం దాకా రానక్కరలేదు. మేం కోరి రోడ్డెక్కాం, వేరే దారి లేక రోడ్డు మీద రాత్రి గడిపేవాళ్లు మాకంటే ఎన్నో రెట్లు. లారీ డ్రైవర్లు, వరికోత యంత్రాలతో ఊరూరూ తిరిగే పంజాబు కుర్రాళ్లు, మిరప కోతలకు పిల్లాజెల్లాతో ట్రాక్టరెక్కే కూలీలు, తిరుమలకో శ్రీశైలానికో నడిచిపోయే భక్తులు, పొద్దున్నే పరీక్ష రాయాల్సి వచ్చి బస్టాండు బల్ల మీద పడుకునే ఉద్యోగార్థులు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు గేటు రాత్రి 9కి మూసి ఉదయం 6కి తీస్తారు. పులుల అడవి కాబట్టి అది న్యాయమే. ఆలస్యంగా వచ్చిన బండ్లలో ముసలివాళ్లు, చంటిపిల్లలు తెల్లవారేదాకా ఎక్కడ నడుం వాల్చాలన్నది కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి కదా.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో నిద్రమత్తు వాటా ఎంతో, రోడ్డు వారన లైట్లు లేకుండా ఆపిన లారీల వాటా ఎంతో విడదీసి చెప్పే సాహసం చేయం. రాత్రిపూట హైవే మీద బండి నడిపినవారెవరికీ ఆ రెంటి భయం కొత్త కాదు. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను ప్రమాదకరంగా బండి ఆపవద్దంటుంది. మంచిదే. మరి ఎక్కడ ఆపాలి?

డేరాలు, క్యాంపింగులు మనవి కావు, డబ్బున్నవాళ్ల విదేశీ మోజు అని కొందరు పెద్దలు పెదవి విరిచారు. ఆ మాట నిజం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి పోయి, కలకత్తా, జగన్నాథం, రాజమహేంద్రవరం దారిన 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. వెంట దాదాపు వందమంది, డేరాలు. ఏ మజిలీలో మంచినీళ్లున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అని రాస్తూ పోయాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర మన భాషలో మొదటి యాత్రాగ్రంథాల్లో ఒకటి. రెండేళ్లకోసారి మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతరకు లక్షల కుటుంబాలు చెట్ల కింద గుడారాలు వేసుకుంటాయి. గొర్రెల మందతో నెలల తరబడి తిరిగే గొల్లకురుమలు రాత్రికి ఎవరి చేలో మంద కడితే ఆ రైతుకు ఎరువు. కాశీకి పోయేవాడికి సత్రం కట్టించడం పుణ్యమని నమ్మిన జాతి మనది. ఇప్పుడు దారిన పోయేవాడు కారులో వస్తున్నాడని ఆ బాధ్యత తీరిపోలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. కేరళ 2021లో క్యారవాన్ పర్యాటకం మొదలుపెట్టింది. కేంద్రం 2024లో హమ్‌సఫర్ విధానం ప్రకటించి రహదారి పక్కన శుభ్రమైన మరుగుదొడ్లు, పార్కింగు గురించి మాట్లాడింది. అయితే క్యారవాన్ అద్దెకు తీసుకునేవాడికి హోటలు గది కరువు కాదు. హైవే పక్కన వెలిసే అద్దాల ప్రాంగణాల్లో కాఫీ దొరుకుతుంది గానీ, కునుకు తీయడానికి చోటు చాలాచోట్ల దొరకదు.

మేమడిగేది చాలా చిన్నది. జాతీయ, రాష్ట్ర రహదారుల మీదున్న ప్రతి మండలంలో ఒక చదునైన జాగా, అదే మజిలీ మైదానం. అందులో కుళాయి, లోపల గడియపడే మరుగుదొడ్లు, దీపం, చెత్త డబ్బా, పేరూ బండి నంబరూ రాసుకునే రిజిస్టరు, ఒక కాపలామనిషి. ఆధార్ చూపించి, పంచాయతీ పెట్టిన నామమాత్రపు రుసుము కట్టి, సాయంత్రం వచ్చి పొద్దున్నే ఖాళీ చేయాలి. కాలినడకన వచ్చేవారికి, కూలీలకు రుసుము ఉండకూడదు. కొత్తగా భూమి కొననక్కరలేదు. పంట సీజను దాటాక బోసిపోయే మార్కెట్ యార్డును చూడండి: ప్రహరీ ఉంది, రేకుల షెడ్డు ఉంది, లారీ తిరిగే వెడల్పుంది, చాలాచోట్ల నీళ్లూ వాచ్‌మనూ ఉన్నారు. ఉన్నదాన్ని రాత్రిపూట తెరవడానికి ఒక తీర్మానం చాలు.

చెత్త సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. మన వంజంగి కొండ మీద మబ్బులు చూడటానికి ఎక్కినవాళ్లు వదిలే ప్లాస్టిక్ చూస్తే మాకూ సిగ్గేస్తుంది. హిమాలయాల్లోని పచ్చికబయళ్లు పాడైపోతున్నాయని 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు అక్కడ రాత్రి బసనే నిషేధించింది. ఆ తీర్పును మేం తప్పుపట్టం. కాకపోతే కూడని చోట బస వద్దనాలంటే, బస చేయదగిన చోటు చూపించాలి. న్యూజిలాండ్ 2011లో ప్రత్యేక చట్టం చేసి, డేరా ఎక్కడ వేయవచ్చో ఎక్కడ వేయకూడదో నిర్ణయించే అధికారం స్థానిక మండళ్ల చేతిలో పెట్టింది, మీరితే జరిమానా. అంతదూరం ఎందుకు, మారేడుమిల్లి దగ్గర వాలమూరులో అటవీశాఖ తోడుతో స్థానిక గిరిజనులే అడవి విడిది నడుపుతున్నారు. ఊరివాళ్లకు రాబడి ఉన్నచోట ఊరివాళ్లే కాపలా కాస్తారు.

లాడ్జీల వ్యాపారం పోతుందన్న బెంగ వద్దు. బస్టాండు బల్ల మీద పడుకునేవాడు మీ గిరాకీ ఎప్పుడూ కాదు.

వచ్చే గ్రామసభలో మీ ఊరికి మజిలీ మైదానం కావాలని తీర్మానం పెట్టించండి. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో అది ప్రజావాణి. అర్జీలో ఖాళీగా ఉన్న యార్డు పేరో, సత్రం పేరో, బడి మైదానం పేరో స్పష్టంగా రాయండి, రసీదు అడిగి తీసుకోండి. మీ ఎమ్మెల్యే ఓట్లకు వచ్చినప్పుడు ఈ ఒక్క ప్రశ్న వేయండి: మన మండలంలో దారినపోయే ఆడమనిషి రాత్రిపూట ఎక్కడ ఆగాలి?

ఇట్లు,
ఇచ్ఛాపురంలో బయలుదేరి ఇచ్ఛాపురం చేరిన భార్యాభర్తలు