చప్పుడు విన్నది ఆమె... మాట్లాడేది ఆయనతో!

పాత ఫియట్ కారున్న ఇళ్లు మన ఊళ్లలో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో తయారై, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అని పేరు పడ్డా, మనవాళ్ల నోట మాత్రం అది ఫియట్టే. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. ముంబై రోడ్ల మీద ట్యాక్సీలుగా తిరిగినవి కూడా 2023 అక్టోబరుతో సెలవు తీసుకున్నాయి. అయినా "నాన్నగారి కారు" అని అమ్మకుండా అట్టేపెట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లలో ఆడవాళ్లు తక్కువేం కాదు. వారానికి రెండుసార్లు దాన్ని బయటికి తీసి, గుడికో, కూరగాయలకో, చెల్లెలి ఇంటికో నడుపుకెళ్లేది చాలా ఇళ్లలో వాళ్లే.

"ముందు ఎడమపక్క గుంటలో పడ్డప్పుడల్లా టకటకమంటోంది" అని మొదట కనిపెట్టేదీ వాళ్లే. తీరా షెడ్డుకు వెళ్తే మెకానిక్ ఆ మాట సగం కూడా వినడు. పక్కన నిలబడ్డ భర్తనో, కొడుకునో చూసి "ఏంటి సార్ ప్రాబ్లం?" అంటాడు. ఆ సారు ఆ కారు ముట్టుకుని నెల దాటి ఉంటుంది! ఆమె మళ్లీ చెప్పబోతే, "పాత బండి కదమ్మా, చప్పుళ్లు రావా మరి" అని ఒక నవ్వు. మోకాలు నొప్పంటే "వయసు కదమ్మా" అనే డాక్టర్ల జవాబుకీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే అయితే సర్దుకుపోవచ్చు. మనకి అలవాటే కదా! కానీ కారు ముందు చక్రాల దగ్గర జబ్బును పట్టుకోవాలంటే నడిపినవాళ్ల మాటే సగం ఆధారం. ఆ మాట వినకపోతే మెకానిక్ ఊహ మీద సామాన్లు మార్చుకుంటూ పోతాడు. ముందు షాకబ్జర్లు అంటాడు. తర్వాత బుష్‌లు. ఆ తర్వాత టై రాడ్ ఎండ్లు. బిల్లు పెరుగుతుంది. చప్పుడు చప్పుడులాగే ఉంటుంది. అసలు జబ్బు కింగ్ పిన్ దగ్గరుంటే మాత్రం డబ్బుతో పోయేది కాదు, ప్రాణం మీదికొస్తుంది.

ఈ కారు ముందు భాగం అర్థం కానంత గొప్ప యంత్రమేం కాదు. ఒక్కో చక్రం పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్ములకు వేలాడుతుంది. బరువు మోసేది చుట్టల స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఆపేది షాకబ్జరు. నిలువుగా ఉండే లావుపాటి ఇనప పిన్ను చుట్టూ చక్రం కుడికీ ఎడమకీ తిరుగుతుంది. అదే కింగ్ పిన్. దానికి పైనా కిందా బుష్‌లుంటాయి, గ్రీజు కొట్టడానికి నిప్పుల్స్ ఉంటాయి. గ్రీజు అందక ఎండిపోతే స్టీరింగు బరువెక్కుతుంది, మలుపు తిరిగాక దానంతటది వెనక్కి రాదు. అరిగిపోతే చక్రం వదులై బండి రోడ్డు మీద అటూ ఇటూ పోతుంది.

షెడ్డుకు వెళ్లేముందు ఇంట్లోనే కొన్ని చూసుకోవచ్చు. ముందు టైర్ల గాలి సరిచూడండి. బండి ఒక పక్కకి లాగుతోందంటే చాలాసార్లు కారణం అదే, లేదంటే పట్టేసిన బ్రేకు. తర్వాత టైరు మీద అరచేయి పెట్టి నిమరండి. ఒక్క అంచే అరిగితే చక్రం నిలబడే తీరులో తేడా ఉంది. మచ్చలు మచ్చలుగా, గుంటలుగా అరిగితే షాకబ్జరు మీద అనుమానపడాలి. కారు ముందు మూలని గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే సరే. ఉయ్యాలలా ఊగుతూనే ఉంటే షాకబ్జరు పని అయిపోయినట్టే. బండిని సమంగా ఉన్న చోట పెట్టి, కుట్టుమిషన్ దగ్గరుండే టేపుతో చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచుదాకా కొలవండి. రెండు పక్కలా ఒకేలా రాకపోతే ఒక స్ప్రింగు కూర్చుండిపోయిందేమో చూపించాలి. మారిస్తే స్ప్రింగులు జతగానే మార్చాలి. ఒక్కటి మారిస్తే కారు మళ్లీ వంకరగానే నిలబడుతుంది.

అసలు పరీక్షకు ఇద్దరు కావాలి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం జాకీతో లేపి, కింద గట్టి స్టాండు పెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి కారు కింద తల పెట్టకూడదు. ఇప్పుడు చక్రం మీద ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపండి. కటకటమని కదిలిందా? రెండో మనిషిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. మళ్లీ ఊపండి. కదలిక పోతే తేడా చక్రం బేరింగులో ఉంది. బ్రేకు తొక్కినా కదులుతూనే ఉంటే కింగ్ పిన్‌ను, దాని బుష్‌లను అనుమానించాలి. చేతులు కుడి ఎడమలకు మార్చి ఊపినప్పుడు కదిలితే టై రాడ్ ఎండ్లు, స్టీరింగు కీళ్లు చూడాలి. ఇంతే పరీక్ష! పైసా ఖర్చు లేదు. దీన్ని చేయకుండానే "మొత్తం సెట్టు మార్చాలమ్మా" అనే షెడ్డు నుంచి బండి వెనక్కి తీసుకురావడమే మేలని నా అభిప్రాయం.

"ఇవన్నీ మనకెందుకు, డబ్బులిస్తే వాడే చేస్తాడుగా" అనేవాళ్లుంటారు. పట్టుచీర కొనేటప్పుడు మడత విప్పి, తిరగేసి, అంచు నలిపి చూడందే డబ్బు తీయం. కారు విషయంలో ఎందుకంత ఉదారం? అసలు కారు మీద తొలి దూరప్రయాణం చేసింది ఆడమనిషే. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వెళ్లింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేసుకుందట! అప్పటికి చుట్టుపక్కల షెడ్డులు లేకపోబట్టి ఆమెను "సార్ ఎక్కడ?" అని అడిగినవాళ్లూ లేరు.

అలాగని రిపేరంతా మనమే చేసెయ్యాలని కాదు. చుట్టల స్ప్రింగు విప్పే పని ఇంట్లో ఎవ్వరూ చేయకూడదు. నొక్కిపెట్టిన ఆ స్ప్రింగు జారితే మనిషిని చంపేయగలదు. సరైన స్ప్రింగు కంప్రెసరు ఉన్నచోటే చేయించాలి. కింగ్ పిన్ పని కూడా అంతే. కొత్త బుష్‌లు ఎక్కించాక పైదీ కిందదీ ఒకే వరసలో రీమరుతో సరిచేసి, పిన్ను నున్నగా తిరిగేట్టు చూడాలి. "రీమరు పెట్టారా, ఎక్కడ పెట్టించారు?" అని అడగండి. సుత్తితో బాది దింపేస్తే మొదటి రోజు చప్పుడు పోతుంది, స్టీరింగు మాత్రం బిగుసుకుపోతుంది. రబ్బరు బుష్‌ల బోల్టులు చివరిసారి బిగించేది కారు నేల మీద తన బరువుతో నిలబడ్డాకే. చక్రాలు గాల్లో ఉండగా బిగిస్తే, దించాక రబ్బరు మెలితిరిగి కొన్నాళ్లకే చిరిగిపోతుంది. ఏళ్లతరబడి కొట్టులో పడి ఉన్న రబ్బరు సామాను గోరుతో నొక్కితే గట్టిగా, పగుళ్లతో ఉంటుంది. వద్దనండి.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని తెలిసిన పాత మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఇలాంటి మేస్త్రీ ముందు అడిగేది "ఎప్పుడొస్తోందమ్మా చప్పుడు? గుంటలోనా, మలుపులోనా, బ్రేకు తొక్కితేనా?" అని. చిన్న చిన్న ఎత్తుపల్లాల మీద టకటకమంటే రబ్బర్లు, షాకబ్జరు బిగింపులు చూస్తాడు. బ్రేకు తొక్కినప్పుడే చక్రం వణికితే డ్రమ్ము చూస్తాడు. కాబట్టి వెళ్లేముందే వారం రోజులు ఒక కాగితం మీద రాసుకోండి... ఏ పక్క, ఎంత స్పీడులో, ఏ రోడ్డు మీద అని. ఆ కాగితం మీరే చదివి వినిపించండి. పక్కనున్నాయన్ని కాసేపు టీ తాగి రమ్మనండి!

పని అయ్యాక పాత సామాన్లు సంచిలో వేసి ఇమ్మనండి, వీల్ అలైన్‌మెంటు చేయించిన కాగితం చూడండి. తర్వాత స్టీరింగు ముందు మీరు కూర్చుని, మేస్త్రీని పక్క సీట్లో కూర్చోబెట్టి, ఏ గుంటలో చప్పుడొచ్చిందో ఆ గుంట మీదుగానే ఒకసారి పోనివ్వండి. డబ్బులు ఆ తర్వాతే.