విద్యార్థి లఘుచిత్రము – భాషాశాఖ బాధ్యత

పలు విశ్వవిద్యాలయములలోని మాధ్యమాధ్యయన శాఖలయందు లఘుచిత్ర నిర్మాణము పాఠ్యక్రమములో ఒక భాగమై యున్నది. విద్యార్థులు నలుగురైదుగురు కలిసి కథ నిర్ణయించుకొని, కథనము వ్రాసి, చిత్రీకరించి, కూర్చి, పది పదునైదు నిమిషముల చిత్రమును పరీక్షకుల యెదుట ప్రదర్శింతురు. ఈ పనితో భాషాశాఖకు సంబంధము లేదని ఉభయశాఖలవారును తలచుట పరిపాటి. కెమెరా, దీపములు, కూర్పు అనునవి వారివి. నిఘంటువు, వ్యాకరణము, కావ్యము అనునవి వీరివి. ఈ విభజన సౌకర్యముగానే యున్నది గాని సమంజసముగా లేదు. మనుష్యులు మాటాడు చిత్రము ఏదైనను భాషతో నిర్మితమైన వస్తువే. అందలి పలుకు అసత్యమైనచో దృశ్యము లెంత మనోహరములైనను చిత్రము అసత్యమే యగును.

లోపము ఎక్కడ మొదలగుచున్నదో చూడవలెను. అనేక రాష్ట్రముల విద్యార్థులు కలిసి చదువు చోట చిత్రప్రతిపాదనను, కథనమును ఆంగ్లమున వ్రాయుట సహజము. పరీక్షకునకు అర్థము కావలెను గదా! కాని పెక్కు సందర్భములలో సంభాషణలు సైతము ఆంగ్లమునందే పుట్టి, చిత్రీకరణమునకు ముందు తెలుగులోనికి మార్చబడును. అట్లు మారిన వాక్యము మాటయు కాదు, వ్రాతయు కాదు. పరీక్షలో గెలిచిన కుమారునితో పల్లెటూరి తల్లి “నిన్ను చూసి నేను గర్వపడుతున్నాను” అని చిత్రములో పలుకును. ఆ తల్లి తన ఇంటిలో నిజముగా ననునది వేరు. తెలంగాణమునందైన “నా కొడుకు నా పేరు నిలిపిండు” అని పొరుగువారితో చెప్పును. కోస్తా జిల్లాలలోనైన “మా వాడు పేరు నిలబెట్టాడు” అనును. పొగడ్త కొడుకు ముఖము మీద గాక పొరుగువారి చెవిలో పడుట గమనింపదగినది. ఇది పదముల మార్పు మాత్రమే కాదు. ఎవరితో, ఎవరి యెదుట, ఎట్లు మాటాడవలెనను మర్యాదయే మారిపోవుచున్నది. అనువాదములో నష్టమగునది ఆ మర్యాదయే.

విద్యార్థి చిత్రము ఈ విషయమున ఏమి సాధింపగలదో తెలియుటకు మరాఠీ దేశమునుండి ఒక నిదర్శనము కలదు. తరువాతి కాలమున ‘ఫండ్రీ’ (2013), ‘సైరాట్’ (2016) చిత్రములతో ప్రసిద్ధి కెక్కిన నాగరాజ్ మంజుళే అహమద్‌నగర్‌లో మాధ్యమ విద్య నభ్యసించుచు ‘పిస్తుల్యా’ అను లఘుచిత్రమును నిర్మించెను. అది బడికి పోగోరు ఒక పేద బాలుని కథ. 2010వ సంవత్సరమునకు ప్రకటింపబడిన 58వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో అది దర్శకుని తొలి కథేతర చిత్రమునకు ఈయబడు బహుమతిని పొందెను. అందు మరాఠీతో పాటు తెలుగు కూడ వినబడును. మహారాష్ట్రలోని సంచారజాతుల యిండ్లలో తెలుగు ఎట్లు బ్రదుకుచున్నదో ఒక విద్యార్థి చిత్రము దేశమునకు వినిపించినదన్న మాట. ఆ బాలుని ఇంటి మాటను ప్రమాణ మరాఠీలోనికి మార్చియున్నచో బడికిని ఇంటికిని నడుమ నున్న దూరము, అనగా కథకు ప్రాణమైన విషయము, ప్రేక్షకునకు వినబడక పోయెడిది.

భాషాశాఖ పక్షమునను ఇట్టి చిత్రముల అవసరము తక్కువది కాదు. గ్రియర్సన్ భాషాపరిశీలనము నాలుగవ సంపుటము ద్రావిడభాషలను గూర్చి 1906లో వెలువడినది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యవమున మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయ పదములతో 1962లోను, చేనేత పదములతో 1971లోను ప్రకటితమైనది. ఇవి మహాప్రయత్నములు. అయినను అచ్చుపుటలో పదము నిలుచునే గాని పలుకుబడి నిలువదు. పడుగు, పేక, నాడె, కండె అను మాటలను కోశము అర్థముతో నిచ్చును. ఆ మాట పలుకునప్పుడు నేతగాని చేయి ఎక్కడ నున్నదో, ఏ స్వరమున పక్కవానిని హెచ్చరించునో చెప్పజాలదు.

పోచంపల్లి ప్రాంతపు చిటికి నేతలో ‘ఆసు పోయుట’ అను పని యున్నది. అద్దకమునకు ముందు పేకనూలును అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టు చేతితో త్రిప్పవలెను. ఒక చీరకు వేలసారులు చేయి ఆడవలెను. ఈ శ్రమ సాధారణముగా స్త్రీలది. తల్లి పడు బాధను చూచి చింతకింది మల్లేశము 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచి ఆమె పేరనే ‘లక్ష్మీ ఆసు’ అని పిలిచెను; 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను; 2019లో ఆయన కథ చలనచిత్రమైనది. యంత్రము వచ్చుట మేలే. కాని చేయి ఆడుట మానిన చోట దానితో కూడిన మాటలును మెల్లగా మరుగగును. చేతితో ఆసు పోసిన స్త్రీలు జీవించి యుండగానే వారి పనిని వారి మాటతో చిత్రించి యుంచుట ఒక విద్యార్థిబృందమునకు అసాధ్యము కాదు. పెద్ద పరికరములు అవసరము లేదు. నేటి సెల్‌ఫోను చాలును, దానికి తోడు మంచి మైకు ఒకటి కావలెను. మగ్గపు చప్పుడు మాటను మ్రింగివేయును గావున పని ఆగినప్పుడు అవే మాటలను మరల చెప్పించి వేరుగా ధ్వనిముద్రణము చేసికొనవలెను. ఇది చిత్రకళకు ఎంత అవసరమో భాషాశాస్త్రమునకును అంత అవసరము.

దీనికి రెండు ఆక్షేపణలు రాగలవు. చలనచిత్రము దృశ్యకళ, దానిని భాషాపండితుల చేతికిచ్చినచో ఉపన్యాసమగునని మొదటిది. ఇది తోసిపుచ్చదగినది కాదు. గ్రంథస్థ సంభాషణలతో నిండి కదలిక లేని చిత్రములు తెలుగున కొరతగా లేవు. అయితే ఇచ్చట కోరునది మాట పెంచుట కాదు, ఉన్న మాట నిజమగుట. మౌనము చాలిన చోట మౌనమే ఉండవలెను. బహుభాషా విశ్వవిద్యాలయమున పరీక్షకులందరకు తెలుగు రాదనునది రెండవది. దానికి ఉపశీర్షికలు కలవు. అనువాదము మాటకు తరువాత రావలెను గాని ముందు రాకూడదు.

ఒక హెచ్చరికయు చేయవలసి యున్నది. తెలుగు చలనచిత్రములు చిరకాలము తెలంగాణ, ఉత్తరాంధ్ర మాండలికములను హాస్యగానికో, దుష్టునకో, సేవకునకో కేటాయించినవి. నాయకుడు మాత్రము ఒక్క ప్రాంతపు చదువరి భాషనే మాటాడెను. ఆ చిత్రములను చూచి పెరిగిన విద్యార్థి తన ఊరి మాటనే నవ్వులకు వాడు ప్రమాదమున్నది. మాండలికము వేషము కాదని, అది ఒకరి తల్లిభాష యని బోధించుట గురువుల పని. అట్లే తమ మాటను, ముఖమును ఇచ్చిన గ్రామస్థుల అనుమతి తీసికొని, పూర్తియైన చిత్రమును మొదట వారికి చూపుట కనీస ధర్మము.

కావున విశ్వవిద్యాలయములు చేయవలసిన పనులు కొన్ని కలవు. సంభాషణలు ఏ పాత్ర ఏ భాష మాటాడునో ఆ భాషలోనే మొదట వ్రాయబడవలెను. చిత్రము పూర్తియైన పిదప పలికినది పలికినట్లు వ్రాసిన ప్రతిని, కొత్తపదముల పట్టికను, వక్తల ప్రాంతమును, వృత్తిని తెలుపు వివరమును దానితో జతపరుపవలెను. పరీక్షకులలో ఒకరు భాషాశాఖకు చెందినవారై యుండవలెను. మార్కులలో పలుకుబడికి ఒక భాగము నిర్ణయింపవలెను. కూర్పులో వదలివేసిన ధ్వనిముద్రణములను పారవేయక గ్రంథాలయమున భద్రపరుపవలెను. పదిహేను నిమిషముల చిత్రమునకు పనికిరాని రెండు గంటల మాట రేపటి నిఘంటుకారునకు ధనమగును. ఇది తెలుగునకు మాత్రమే వర్తించునది కాదు; భారతదేశమున ప్రతి భాషాశాఖ పక్కను ఒక మాధ్యమశాఖ యుండుట నేడు సంభవమే. విద్యార్థి పట్టము పుచ్చుకొని వెడలిపోవును; చిత్రము మరువబడవచ్చును. అందు నిజముగా పలికిన మాట మాత్రము, భద్రపరచినచో, ఆ మాట పలికిన తరము గతించిన తరువాతను వినబడును.