గాజులు ఎవరికి అవమానం?

ధర్నాల్లో మనందరం చూసిన తంతు ఒకటుంది. పని చేయని అధికారికో, మాట తప్పిన నాయకుడికో పళ్ళెంలో గాజులు, చీర, పసుపు కుంకుమ పెట్టి ఇస్తారు. చాలాసార్లు ఆ పళ్ళెం పట్టుకుని ముందు నడిచేది స్త్రీలే. మన చేతికున్న వస్తువునే ఎదుటివాడికి తిట్టుగా ఇస్తున్నామన్న స్పృహ ఆ ఆవేశంలో ఎవరికీ ఉండదు. ఆడదానిలా ఉండటం పతనమని మనమే ముద్రవేసి ఇస్తున్నాం. దీనికి మూల్యం చెల్లిస్తున్నది స్త్రీలొక్కరే కాదు, గాజులంటే ఇష్టపడే చిన్న మగపిల్లలు కూడా. అందుకే వాళ్ళ సమస్య స్త్రీ ఉద్యమం సమస్యే అంటున్నాను.

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి దగ్గర్లోని ఇంద్రేశంలో నేను మాట్లాడిన ఒక తండ్రి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. కిరాయి గదిలో కాపురం. ఎనిమిదేళ్ళ కొడుకు అక్క లంగా కట్టుకుంటాడు, బొట్టు పెట్టుకుంటాడు, ఆడపిల్లలతో కలిసి బతుకమ్మ ఆడతాడు. దానికి తండ్రి బెల్టు తీశాడు. "కంపెనీ బస్సుల అందరు నవ్వుతున్రు మేడం, తలకాయ ఎత్తుకోరాలే" అన్నాడు నాతో. పిల్లవాడికి అడ్డం పోయిన తల్లికీ దెబ్బలు పడ్డాయి. "ఆడిపిల్లల నడుమ పెంచినవ్, అందుకే గిట్లయిండు" అని అత్త నింద. కొడుకు మగవాడిలా పెరిగితే అది వంశం ఘనత, పెరగకపోతే తల్లి పెంపకం లోపం.

ఆ తండ్రిని ఆపింది కౌన్సెలర్లు కాదు, పెద్దకూతురు. "నేను ప్యాంటేసుకుంటే నా బిడ్డ కొడుకు లెక్క అని అందరికి చెప్తవు గద నాయినా. తమ్ముడు లంగా ఏసుకుంటే ఎందుకు కొడ్తున్నవ్?" అని అడిగిందట. నేను సోషియాలజీలో చదివిన సిద్ధాంతాల సారమంతా ఆ ప్రశ్నలో ఉంది. ఆడపిల్ల మగపిల్లాడిలా ఉంటే పైమెట్టు ఎక్కినట్టు. మగపిల్లాడు ఆడపిల్లలా ఉంటే కిందికి జారినట్టు. మెట్లు ఉన్నాయని నమ్మకపోతే ఎక్కడమూ లేదు, జారడమూ లేదు. తండ్రి చేతిలోని బెల్టు కాపాడుతున్నది ఆ మెట్లనే.

మన సంస్కృతిలో ఇలాంటివి లేవని వాదించేవాళ్ళకు స్థానం నరసింహారావును గుర్తుచేయాలి. సత్యభామగా, మధురవాణిగా, చిత్రాంగిగా స్త్రీ వేషాలు కట్టిన ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామకు జనం నీరాజనాలు పట్టారు. అయితే ఆ మెప్పుకు రెండు షరతులున్నాయి. తెరపడగానే వేషం తీసేయాలి. స్త్రీలు ఆ వేదిక ఎక్కకూడదు. సంప్రదాయ కూచిపూడి మేళాల్లో వేషధారులంతా పురుషులే. అంటే స్త్రీత్వం పురుషుడి విద్యగా ఉంటే కళ, పిల్లవాడి స్వభావంగా ఉంటే కళంకం!

"పెద్దయితే మారతాడులే" అని ఓదార్చేవాళ్ళున్నారు. "రేపు వీడు ట్రాన్స్‌జెండర్ అవుతాడేమో" అని భయపడేవాళ్ళున్నారు. ఇద్దరిదీ ఒకటే తప్పు. ఎనిమిదేళ్ళ బిడ్డ రేపు ఏమవుతాడన్నది ఇవాళ మనం తేల్చాల్సిన విషయం కాదు. స్త్రీగా గుర్తించుకోవచ్చు, పురుషుడిగానే ఉండవచ్చు, ఎవరినైనా ప్రేమించవచ్చు. ఏదైనా సరే, దెబ్బలు తినకుండా బతికే హక్కు ఇవాళ్టిది. "సరిచేయించడానికి" డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు తెలుసుకోవలసింది మరొకటుంది. అలాంటి చికిత్స పేరుతో జరిగే ప్రయత్నాలను 2021లో మద్రాసు హైకోర్టు నిషేధించింది. 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

చట్టం ఈ పిల్లలను ఎలా చూసిందో కూడా గమనించాలి. నిజాం పాలనలో 1919 నాటి చట్టం ఒకటి హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్లో ఎక్కించమంది. 16 ఏళ్ళలోపు మగపిల్లాడు వాళ్ళ దగ్గర కనిపిస్తే అరెస్టు చేయమంది. పిల్లలకు ప్రమాదం గడప బయట ఉందని దాని నమ్మకం. గడప లోపల తన్ని తరిమేసేవాళ్ళ గురించి ఒక్క మాట లేదు. వైజయంతి వసంత మొగిలి తదితరులు వేసిన పిటిషన్‌పై 2023లో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, కోర్టు ఆదేశం లేకుండా ఈ కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదంది. కుటుంబం చూసుకోలేకపోతే పునరావాస కేంద్రానికి పంపమంది. ఇల్లు లేదా కేంద్రం! ఆ ఇంటిని పిల్లవాడు బతకగలిగేలా మార్చే బాధ్యత ఎవరిది?

ఈ బాధ్యత చిన్నదేం కాదు. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుష కాలాల్లో కాక "ఇతరులు" అన్న కాలంలో దేశమంతటా 4,87,803 మందిని నమోదు చేశారు. అందులో 54,854 మంది ఆరేళ్ళలోపు పిల్లలు. లెక్కల్లో పొరపాట్లు ఉంటే ఉండవచ్చు. కానీ ఆ వయసు పిల్లలు తమ గురించి తాము చెప్పుకోలేరు. వాళ్ళ తరఫున జవాబు చెప్పింది పెద్దవాళ్ళే.

ఇంద్రేశం తండ్రి ఇప్పుడు కొట్టడం లేదు. "ఇంట్ల ఏసుకో బిడ్డా, గల్లీలకు పోకు" అంటున్నాడు. ఇది చాలదు. అలాగని ఆయన భయం ఉత్తదీ కాదు. ఇంటి ఓనరు ఖాళీ చేయమంటే, బస్తీ అంతా ఒకటైతే ఆ కాంట్రాక్టు కార్మికుడికి అండ ఎవరు? అందుకే అంగీకారాన్ని తండ్రి మంచితనానికి వదిలేయలేం. ఇలాంటి తండ్రులకు చప్పట్లు కొట్టడం మీదా నాకు అభ్యంతరం ఉంది. కొట్టడం మానడం గొప్పతనం కాదు. కొడుకు కోసం దెబ్బలు తిన్న తల్లి ఈ కథల్లో ఎక్కడా కనిపించదు.

చేయాల్సింది స్పష్టం. గృహహింస ఫిర్యాదుతో స్త్రీ మన దగ్గరికొస్తే ఇంట్లో ఏ బిడ్డ ఎందుకు దెబ్బలు తింటున్నాడో కూడా అడగాలి. "వాణ్ణి కాస్త మగపిల్లల్లో తిరగనియ్యి" లాంటి సలహాలు మన కేంద్రాల్లో వినపడకూడదు. పారిశ్రామిక బస్తీల్లో కార్మిక సంఘాలతో మగతనం గురించి మాట్లాడాలి. బడిలో వెక్కిరింతలపై హెడ్మాస్టరును నిలదీయడానికి ఆ తల్లి వెంట మన కార్యకర్త వెళ్ళాలి. ఆ గాజుల పళ్ళెం తంతు మాత్రం వెంటనే, ఈ వచ్చే ధర్నా నుంచే ఆగాలి. దానికి ఏ నిధులూ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.