నొక్కుడు వైద్యం: అత్తగారి అరికాళ్లు

ప్రశ్న: నా వయస్సు 34. బస్సెక్కితే చాలు, వాంతులు. మణికట్టు దగ్గర నొక్కుకుంటే తగ్గుతాయంటున్నారు, నిజమేనా? మా అత్తగారికి పన్నెండేళ్లుగా షుగరు. అరికాళ్లు మంటలని ఎగ్జిబిషన్‌లో ఆక్యుప్రెషర్ చెప్పులు, కర్ర రోలరు కొని రోజూ అరగంట తొక్కుతున్నారు. మొదట్లో గుచ్చుకునేవట, ఇప్పుడు అసలు నొప్పే తెలియడం లేదని, గుణమిచ్చిందని సంతోషిస్తున్నారు. నన్నూ తొక్కమంటున్నారు. తొక్కవచ్చునా?
— ఒక సోదరి, గుడివాడ

జవాబు: మీ వాంతుల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ అత్తగారి చెప్పులు అటకెక్కించండి. ఈ రోజే.

నొప్పి తెలియకపోవడం గుణం కాకపోవచ్చునమ్మా. షుగరు చాలా ఏళ్లు వుంటే పాదాల్లోని నరాలు దెబ్బతింటాయి. ముందు మంటలు, తిమ్మిర్లు. ఆ తర్వాత మొద్దుబారడం. అలాంటి కాలికి ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా తెలియదు. రక్తప్రసారం కూడా తగ్గివుంటే పుండు మానదు, చీము పడుతుంది. చివరకు వ్రేలు తీసేయవలసి వచ్చిన వాళ్లు మన వూళ్లలో తక్కువేమీ లేరు. డాక్టరు సన్నని నైలాను పోగుతో అరికాలిమీద అక్కడక్కడా తాకి చూస్తారు. రెండు నిమిషాల పని. స్పర్శ వుందో లేదో తేలిపోతుంది. ఆ పరీక్ష ఈ వారంలోనే చేయించండి.

ఇక మీ వాంతులు. మణికట్టు మడత నుంచి మోచేతివైపుగా మీ మూడు వ్రేళ్లు ఆనించి కొలవండి. పిడికిలి బిగిస్తే అక్కడ తాళ్లలాంటివి రెండు పైకి తేలుతాయి. వాటి మధ్య పల్లంలో బొటనవ్రేలితో రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కండి. నొప్పి పుట్టేంతగా కాదు. తర్వాత రెండో చేయి. చైనావాళ్లు ఈ చోటును నెయ్‌గువాన్ అంటారు. ఆపరేషను తర్వాత వచ్చే వాంతులకు ఇది పనిచేస్తుందా అని జరిగిన 59 పరిశోధనలను కోక్రేన్ సంస్థ 2015లో కలిపి చూసి, కొంత మేలు వుందనే చెప్పింది. బస్సు వాంతుల విషయంలో అంత గట్టి రుజువు లేదు. అయినా ఖర్చు లేనిది, హాని లేనిది, చేసి చూడండి. ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డువైపు చూడండి. బస్సులో పత్రిక చదవకండి, మా పత్రికైనా సరే!

తలనొప్పికి బొటనవ్రేలికీ చూపుడు వ్రేలికీ మధ్య కండను నొక్కుకుంటారు. గర్భిణులు మాత్రం ఆ చోటు జోలికి పోకపోవడం మంచిది.

మీకు షుగరు లేకపోతే, పాదాలమీద పుండ్లు, పగుళ్లు లేకపోతే, అయిదు నిమిషాలు రోలరు తొక్కితే తప్పులేదు. అలసిన కాళ్లకు హాయిగానే వుంటుంది. రోలరుతోపాటు ఇచ్చే రంగుల పటాన్ని మాత్రం నమ్మకండి. మడమ దగ్గర ఒక అవయవం, బొటనవ్రేలి దగ్గర ఇంకొకటి గీసి వుంటాయి. పటంలో మూత్రపిండం వున్నచోట నొక్కితే నొప్పి పుట్టిందని, మూత్రపిండాలే చెడిపోయాయని బెంగపెట్టుకునే వాళ్లున్నారు. పొద్దస్తమానం వంటింటి గచ్చుమీద నిలబడే ఆడవాళ్లకు అరికాలు ఎక్కడ నొక్కినా నొప్పిగానే వుంటుంది.

ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పిగా వుంటే దాన్ని మర్దన చేయకూడదు. లోపల రక్తం గడ్డకట్టి వుండవచ్చు. మెడ పక్కన నాడి కొట్టుకునే చోట నొక్కకూడదు. గుండె బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి ఎడమచేతికి పాకుతుంటే చేతిలో ఏ బిందువు నొక్కాలా అని వెతకకండి. 108కి ఫోను చేయండి.

అత్తగారి మంటలకు మందులున్నాయి, డాక్టరు నడగండి. రోజూ గోరువెచ్చని నీళ్లతో పాదాలు కడగాలి. వేడి మీ చేత్తో చూడండి, ఆవిడ కాలితో కాదు. వ్రేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి. వంగి తన అరికాలు తాను చూసుకోవడం ఆ వయస్సులో కష్టం, కాబట్టి రాత్రి పడుకోబోయే ముందు లైటు కింద మీరే చూడండి. ఎర్రని మచ్చ, చిన్న బొబ్బ కనిపించినా మర్నాడే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.